లీటరు ఆయిల్ 1,100 కిలోమీటర్లకే అయిపోతోంది: ఇంజన్ విప్పించాలా, పోస్తూ నడపాలా?

నాచారం_నాని
చిన్న పెట్రోల్ కారు, 1.2 ఇంజన్, జనవరి 2010 రిజిస్ట్రేషన్, ఏపీ 29 నంబరు. 1,21,000 కిలోమీటర్లు తిరిగింది. నాన్న కొన్నది. రెండేళ్ల నుంచి నా చేతిలో ఉంది, వారానికి మూడు రోజులు నాచారం నుంచి గచ్చిబౌలి పోయిరావడం. మార్చిలో సర్వీస్‌కిస్తే "ఆయిల్ బాగా తక్కువుంది సార్" అన్నారు. అప్పటిదాకా గేజు తీసి చూసిన పాపాన పోలేదు నేను. అప్పట్నుంచి చూస్తున్నా. హబ్సిగూడ దగ్గర బంకులో గేజు తీస్తే మొన కూడా తడవలేదు. లీటరు పోయించా. 1,100 తిరిగేసరికి అదే బంకులో మళ్లీ అదే కథ. ఇంకో లీటరు.

ఒక సర్వీస్ సెంటర్లో చూపిస్తే బానెట్ ఎత్తి పది నిమిషాలు చూసి "హాఫ్ ఇంజన్ చేయాలి, 68 వేలు" అన్నారు, అంటే ఇంజన్ విప్పి పిస్టన్లు, రింగులు మార్చడం. బండి అమ్మితే లక్ష రావడమే గొప్ప. మా వీధి మెకానిక్ "చిక్కటి ఆయిల్ పోద్దాం అన్నా, రెండేళ్లు ఢోకా లేదు" అంటున్నాడు. నాన్నేమో "ఇంజన్ మీద ఎవడూ చెయ్యి వేయడానికి వీల్లేదు" అని భీష్మించుకున్నాడు. 2025 జనవరిలోనే 15 ఏళ్లు నిండాయని 5 వేలు కట్టి, గ్రీన్ ట్యాక్స్ కట్టి ఐదేళ్లకు రెన్యువల్ చేయించాం, ఆ బాధొకటి. పొగ నాకైతే కనపడలేదు. పికప్ బానే ఉంది, మైలేజీ 14 ఇస్తోంది. ఇది అనుభవించినవాళ్లు చెప్పండి, ఏం చేశారు?

కూకట్‌పల్లి_కొత్త
అమ్మెయ్ భయ్యా. ఆ 68 వేలు కొత్త బండికి డౌన్ పేమెంట్ అవుద్ది.

ఇరానీచాయ్_66
మా బావ కన్నా నీ కారే నయం. ఆయన ఒక్క కిలోమీటరు తిరక్కుండా లీటరు లేపుతాడు.

సీతాఫల్‌మండి_శీను
20డబ్ల్యూ50 పోయించు తమ్మీ, మళ్లీ ఈ ఊసెత్తవు. మాది 2004 వ్యాను, స్కూలు పిల్లల్ని తిప్పిన బండి. నీలం పొగ కక్కుతుండె. చిక్కటి ఆయిల్ మీద మూడేళ్లు లాగించిన. మెకానిక్‌లు ఇంజన్ దించుదాం అనుడు తప్ప ఇంకోటి చెప్పరు, వాళ్ల పొట్ట అది.

లేత్‌షాపు_లింగం
మెకానిక్‌ల పొట్ట సంగతి తర్వాత మాట్లాడుదాం శీనన్నా, నేను గదే పొట్ట మీద బతుకుతున్న, ఆటోనగర్‌ల 22 ఏండ్లు.

నానీ, పొగ కనపడలే అన్నవు. నువ్వు స్టీరింగ్ ముందల కూసుంటే ఎన్కసీరి పొగ ఎట్ల కనపడతది? ఆయిల్ పోనీకి తొవ్వలు మూడే. బయటికి కారుతది, లోపట కాలుతది, లేకుంటే రేడియేటర్ నీళ్లల్ల కలుస్తది. ముందు అది ఏ తొవ్వనో తేల్చుకో. రాత్రి బండి కింద పెద్ద అట్టముక్క పర్చు. పొద్దున దాని మీద చుక్కలు ఎక్కడ పడ్డయో చూడు. రేడియేటర్ మూత చల్లగున్నప్పుడు తీసి నీళ్లు చూడు, ఆయిల్ పోసే మూత తిప్పి లోపట చూడు, మీగడ లెక్క తెల్లగ కనపడితే గప్పుడు భయపడు.

గవి రెండూ లేవనుకో, కాలుతున్నట్టు. పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఎన్క ఎవరినన్న నిలబెట్టు. ఒక్కసారి బుస్సుమని నీలం పొగ వచ్చి మాయమైతే వాల్వ్ సీల్స్ (వాల్వ్ కాడల మీదుండే రబ్బరు టోపీలు) పోయినట్టు. రాత్రంత సీల్ సందుల నుంచి చుక్క చుక్క దిగి వాల్వ్ మీద కూసుంటది, స్టార్ట్ చేయంగనే కాలుతది. సిగ్నల్ కాడ రెండు నిమిషాలు ఆగి లేపినప్పుడు పొగొస్తే కూడ గదే అనుమానం. అట్ల కాకుండ ఎక్కు ఎక్కేటప్పుడు, లోడ్ మీద యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్ల పొగొస్తే రింగులు, అంటే పిస్టన్ చుట్టు ఉండే కట్లు.

కంప్రెషన్ (సిలిండర్ల గాలి ఎంత గట్టిగ అదుముతదో) చూడకుండనే హాఫ్ ఇంజన్ అన్నడంటే నాడి పట్టకుండనే ఆపరేషన్ రాసినట్టు.

ఎల్బీనగర్_లత
లింగం గారు చెప్పిన లిస్టులో ఒకటి మిగిలిపోయింది, పీసీవీ వాల్వ్. నాది 2011 సెడాన్, 2022లో ఇలాగే 1,500కి లీటరు తాగేది. ఇద్దరు మెకానిక్‌లు రింగులన్నారు. మూడో ఆయన, చాదర్‌ఘాట్‌లో ఒక ముసలాయన, ట్యాపెట్ కవర్ (ఇంజన్ పై మూత) మీదున్న బొటనవేలంత ముక్క ఊడబీకి చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. "చూడమ్మా, గజ్జె మోగాలి, మోగట్లే" అన్నాడు. అంతే జబ్బు. ఇంజన్ అడుగున చేరే గాలిని మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపే వాల్వ్ అది. తెరుచుకుని ఇరుక్కుపోతే గాలితో పాటు ఆయిల్ కూడా లాగేస్తుంది. కొత్తది 450 పడింది, బిగించడానికి ఆయన 100 తీసుకున్నాడు. తాగడం పూర్తిగా ఆగలేదు కానీ 4,000కి లీటరుకి వచ్చింది. ఇప్పటికీ అదే నడుపుతున్నాను.

కూకట్‌పల్లి_కొత్త
@లత 550 రూపాయల్లో అయిపోయిందా? మాకెప్పుడూ ఇలాంటి ముసలాయన దొరకడు.

ఎల్బీనగర్_లత
అంతకుముందు ఇద్దరికి కలిపి 9 వేలు ఇచ్చాను, అది చెప్పలేదు కదా.

గేజు_గంగాధర్
ఒక్క ప్రశ్న. నానీ, గేజు ఎప్పుడు తీశావు? బంకులో ఆపిన వెంటనేనా?

నాచారం_నాని
@గంగాధర్ అవునన్నా, పెట్రోల్ కొట్టించేటప్పుడే. ఆ అబ్బాయే తీసి చూపించాడు. ఏం?

@లింగం అన్నా రేడియేటర్ చూశా, నీళ్లు శుభ్రంగా ఉన్నాయి. మీగడ లేదు. అట్టముక్క రేపు పెడతా.

గేజు_గంగాధర్
అదే అనుకున్నా. నడిచొచ్చిన ఇంజన్ ఆపగానే గేజు తీస్తే కొంత ఆయిల్ ఇంకా పైన హెడ్‌లోనే, అంటే ఇంజన్ పైభాగంలోనే ఉంటుంది. కిందికి దిగడానికి కనీసం ఐదు నుంచి పది నిమిషాలు పడుతుంది. పైగా బంకు నేల ఎటు వాలి ఉందో ఎవడికి తెలుసు. చాలా బండ్లలో గేజు మీద రెండు గీతల మధ్య దూరం సుమారు లీటరు. అర లీటరు తేడా నువ్వు చూసిన పద్ధతిలోనే వచ్చేస్తుంది. ఆదివారం పొద్దున చల్లటి ఇంజన్ మీద, చదునైన చోట, ఒకసారి తుడిచి మళ్లీ ముంచి చూడు. అప్పుడు మాట్లాడదాం. అప్పటిదాకా ఇంకో చుక్క పోయొద్దు.

సీతాఫల్‌మండి_శీను
పోయొద్దంట! గిట్ల చెప్పే ఇంజన్లు బిగుసుకపోయేటట్టు చేస్తరు. తక్కువ పోసి చెడిన ఇంజన్లు చూసిన గని, ఎక్కువ పోసి చెడింది చూడలే.

రాత్రిడ్యూటీ
శీనన్న మాటలో సగం నిజం. నేను క్యాబ్ నడుపుత. 2019ల విజయవాడ ట్రిప్పు, రాత్రి రెండు గంటలు. పంతంగి టోల్ దాటినంక ఎర్ర నూనెబుడ్డి లైటు వెలిగింది. బండిల ఫ్యామిలీ ఉంది, చీకట్ల ఆపుడెందుకు, చిట్యాల దాకా పోదాం అనుకున్న. అనుకున్నంతే. టకటక సప్పుడు మొదలై రెండు కిలోమీటర్లకు ఇంజన్ బిగుసుకపోయింది. ఆ లైటు ఆయిల్ తక్కువైందని చెప్పడానికి కాదంట, ప్రెజర్ పడిపోయిందని చెప్పడానికంట. అది వెలిగిందంటే అప్పటికే లేటు. లైటు రాలేదు కదా అని ఎవ్వరూ ధీమాగ ఉండొద్దు. నాకు లక్షా పది వేలు అయినయ్, ఆర్నెల్లు ఓనర్‌కు కిస్తీలు కట్టిన.

డీజిల్_దాదా
మీ పెట్రోలోళ్లు అదృష్టవంతులు. డీజిల్‌లో టర్బో సీల్ పోతే ఏమవుద్దో తెలుసా? అవుటర్ మీద ఘట్‌కేసర్ దగ్గర నా బండి తన ఆయిల్ తనే తాగి ఉరకడం మొదలుపెట్టింది. కాలు తీసేసినా రేజ్ పెరుగుతోంది. తాళం తిప్పి తీసేశా, తాళం నా చేతిలో ఉంది, ఇంజన్ మాత్రం అరుస్తోంది! వెనక ఊరు కనపడనంత పొగ. మా మేనల్లుడు డోరు తీసి దూకబోయాడు. బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, ఐదో గేరేసి క్లచ్ ఒక్కసారి వదిలేశా. ఎగిరిపడి ఆగింది. ఆటోమేటిక్ అయ్యుంటే గోవిందా.

ఇరానీచాయ్_66
తాళం తీసినా ఆగకుండా అరిచేది మా ఇంట్లో కూడా ఒకటుంది, పేరు చెప్పను.

కూకట్‌పల్లి_కొత్త
టాపిక్‌లోకి రండి. ఇదంతా ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ వల్లేనని నా డౌటు. 2025 నుంచి అందరూ ఏదో ఒకటి అంటున్నారు.

గేజు_గంగాధర్
@కొత్త ఇథనాల్‌కి పాత బండ్లలో రబ్బరు గొట్టాలు, సీళ్లు మెత్తబడతాయంటే ఒప్పుకుంటా, మైలేజీ కొంచెం పడుతుందన్నా ఒప్పుకుంటా. కానీ అది పెట్రోల్ దారి, ఆయిల్ తాగడం వేరే కథ. ఊళ్లో ఏ మేక పోయినా నక్క మీద తోయడమే అయింది ఈ20తో.

నాచారం_నాని
రిపోర్టు.

అట్టముక్క మీద మొత్తం నాలుగు చుక్కలు, టైమింగ్ కవర్ వైపు. ట్యాపెట్ కవర్ అంచున చెమట పట్టినట్టు తడి. అంతకు మించి కారడం లేదు.

పొద్దున స్టార్టింగ్‌కి మా చెల్లిని వెనక నిలబెట్టా, ఫోన్‌లో వీడియో తీసింది. ఒక్క బుస. నీలమే. మూడు సెకన్లలో పోయింది. సిగ్నల్ దగ్గర తార్నాకలో వెనక బైక్ మీద మా ఫ్రెండ్ ఉన్నాడు, కొంచెం వస్తోందన్నాడు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఏమీ లేదట.

ఇప్పుడు అసలు సంగతి. గంగాధర్ అన్నా, మీ నోట్లో చక్కెర పోయాలి. ఆదివారం పొద్దున ఆరింటికి, అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీంచి దించి చదును చోట పెట్టి చూశా (నేను రోజూ పార్క్ చేసేది ర్యాంపు మీద, ముక్కు పైకి). ఆయిల్ పై గీతకు వేలెడు పైన ఉంది! ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పితే అడుగున నల్లటి ఆయిల్ చెమ్మ, ఫిల్టర్ ఒక మూల నానిపోయింది.

గేజు_గంగాధర్
చక్కెర వద్దు, షుగరుంది.

ఎక్కువైన ఆయిల్‌ని క్రాంకు (ఇంజన్ అడుగున తిరిగే ఇరుసు) గిలక్కొట్టి నురగ చేస్తుంది, అది బ్రీదర్ గొట్టంలోంచి ఎయిర్ ఫిల్టర్‌లోకి, అక్కడ్నుంచి ఇంజన్‌లోకి. తాగుతోందని పోశావు, పోశావని ఇంకా తాగింది. శీనూ, ఎక్కువ పోసి చెడింది చూడలేదన్నావు కదా, ఇదిగో.

సీతాఫల్‌మండి_శీను
చెడలేదు కదా ఇంకా.

లేత్‌షాపు_లింగం
పైన ఉన్నది తీసెయ్ ముందు. కింద నట్టు విప్పితే మొత్తం పోతది, మెడికల్ షాపుల పెద్ద సిరంజీ, సెలైన్ గొట్టం కొనుక్కరా. గేజు రంధ్రంలకెల్లి గుంజు. తర్వాత కంప్రెషన్ చూపించు, ప్లగ్గులు ఫోటో పెట్టు. పొద్దుటి బుస ఉంది కదా, అది ఎక్కువ పోసినందుకు వచ్చేది కాదు.

నాచారం_నాని
50 ఎంఎల్ సిరంజీ తెచ్చా. మెడికల్ షాపాయన "ఎవరికి బాబూ?" అని అడిగాడు, "కారుకి" అంటే నా మొహం వంక అదోలా చూశాడు. పన్నెండు సార్లు గుంజితే పై గీతకు కొంచెం కిందికి వచ్చింది. అంటే 600 ఎంఎల్ అదనం.

కంప్రెషన్ కొలిచే మీటరు వీధి మెకానిక్ దగ్గర లేదు, రామంతాపూర్‌లో ఒకాయన చూశాడు, 400 తీసుకున్నాడు. నాలుగు సిలిండర్లు వరసగా 170, 165, 165, 160 పీఎస్ఐ. ప్లగ్గుల్లో 2, 3 మీద ఒక పక్కే బూడిద రంగు పెచ్చులు, మిగతా రెండూ శుభ్రం.

కూకట్‌పల్లి_కొత్త
కంప్రెషన్ బాగుంది కదా, ఇంకేం. రింగులు ఓకే.

లేత్‌షాపు_లింగం
ఆగు కొత్త తమ్మీ. కంప్రెషన్ చెప్పేది పై రెండు రింగుల సంగతి. గోడ మీద ఆయిల్ గీకే రింగు అన్నిటికన్న కిందుంటది. దాని రంధ్రాలు మసితోటి మూసుకపోతే గాలి ఆగుతది, ఆయిల్ ఆగదు. కంప్రెషన్ 170 చూపిస్తది, బండి లీటర్లకు లీటర్లు తాగుతది. నేను చూసిన. ట్రాఫిక్‌ల నడిచే బండ్లల్ల, ఆయిల్ టైముకు మార్చని బండ్లల్ల గిదే ఎక్కువ.

గని నానీ బండికి పొద్దుటి బుస, సిగ్నల్ కాడ పొగ, ఎక్కు మీద పొగ లేకపోవుడు, ప్లగ్గుకు ఒక్క దిక్కే పెచ్చు. నా ఓటు సీల్స్‌కే. 15 ఏండ్ల రబ్బరు, ఎండిన చింతకాయ తొక్క లెక్క అయితది. చేత్తో ఒత్తితే టప్పున ఇరుగుతది.

డీజిల్_దాదా
మసి పట్టిన రింగులకి ప్లగ్గు రంధ్రంలో క్లీనర్ పోసి రాత్రంతా నానబెడతారు కదా, అది ఫ్రీగా అయిపోయే పని. ముందు అది చేసి చూడొచ్చు.

లేత్‌షాపు_లింగం
చేయొచ్చు. గని పొద్దున ప్లగ్గులు బిగించి స్టార్ట్ కొట్టినవనుకో, లోపట నీరు నిలిచి ఉంటే పిస్టన్ పైకి రాలేక రాడ్డు వంగుతది. ప్లగ్గులు లేకుండనే ముందు సెల్ఫ్ కొట్టి మొత్తం బయటికి చిమ్మించాలె. తర్వాత ఆయిల్, ఫిల్టర్ మార్చాలె. గీ రెండు సంగతులు చెప్పకుండ నానబెట్టుమంటరు, తర్వాత నా దగ్గరికి పట్టుకొస్తరు.

ఇంజన్ ఫ్లష్ మాత్రం పాత ఇంజన్‌ల వాడకు. గోడలకు అంటుకున్న బురద ఒక్కసారి ఊడి కింద జాలీకి అడ్డం పడితే పంపుకు ఆయిల్ అందదు.

నాచారం_నాని
ఒక చిన్న బాంబు.

నిన్న రాత్రి భోజనాల దగ్గర ఇదంతా నాన్నకు చెప్పా, "మార్చి నుంచి తాగడం మొదలెట్టింది" అని. నాన్న లేచి బీరువాలోంచి డైరీలు తెచ్చి పెట్టాడు. రిటైర్డ్ లెక్కల మాస్టారు ఆయన. 2010 నుంచి పెట్రోల్, కిలోమీటర్లు, గాలి, ఆయిల్, అన్నీ రాసిపెట్టాడు. ప్రతి నెలా మొదటి ఆదివారం గేజు చూసేవాడట. పక్కన చిన్న బొమ్మ, రెండు గీతలు, మధ్యలో చుక్క. 2014లో సర్వీస్‌కీ సర్వీస్‌కీ మధ్య పావు లీటరు పోశాడు. 2018కి అది అర లీటరు దాటింది. 2022లో 10,000 కిలోమీటర్లకు రెండు లీటర్లు. తర్వాత పేజీలు ఖాళీ. ఎందుకంటే బండి నాకిచ్చాడు.

"మరి చెప్పొచ్చు కదా నాన్నా" అంటే, "గేజు చూడటం కూడా చెప్పాలా?" అన్నాడు. అమ్మ నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయింది.

ఇరానీచాయ్_66
ఈ ముక్కకి నా తరఫున రెండు ఉస్మానియా బిస్కెట్లు.

గేజు_గంగాధర్
మాస్టారికి నమస్కారం చెప్పు. ఆ డైరీ ఏ స్కానర్ ఇవ్వని సమాచారం ఇచ్చింది. ఒక్కసారిగా మొదలైన జబ్బు కాదు, ఎనిమిదేళ్లలో మెల్లగా పెరిగింది. అంటే అరుగుదల. ఇప్పుడు సరిగ్గా కొలిస్తే 1,100 రాదు, చూడు.

పనిలో పని, మార్చిలో ఏ గ్రేడు పోశారో బిల్లు చూడు.

నాచారం_నాని
బిల్లులో 5డబ్ల్యూ30. బండి పుస్తకంలో 5డబ్ల్యూ30, 10డబ్ల్యూ40 రెండూ ఉన్నాయి.

గేజు_గంగాధర్
అయితే తర్వాతి మార్పుకు 10డబ్ల్యూ40 పోయించు. డబ్ల్యూ ముందున్నది చలిలో పల్చదనం, వెనకున్నది వేడెక్కిన ఇంజన్‌లో చిక్కదనం. హైదరాబాద్‌లో డిసెంబర్ తెల్లవారుజామున పదీ పన్నెండు డిగ్రీలు, మే నెలలో నలభై. మనకు మంచు గొడవ లేదు. పుస్తకం ఒప్పుకున్న చిక్కదనం దాకా పోవచ్చు, 20డబ్ల్యూ50 దాకా ఎందుకు? పొద్దున స్టార్టింగ్‌లో పైన క్యామ్ (వాల్వ్‌లను తెరిచే ఇరుసు) దాకా ఎక్కడానికే దానికి టైము పడుతుంది, ఆలోపు లోహం లోహం రాసుకుంటుంది.

సీతాఫల్‌మండి_శీను
నా వ్యాను మూడేళ్లు నడిచింది. పుస్తకాలు నాకు చెప్పకు.

ఎల్బీనగర్_లత
శీను గారూ, మూడేళ్ల తర్వాత ఏమైంది?

సీతాఫల్‌మండి_శీను
తుక్కుకు వేసిన. గది వేరే విషయం.

కూకట్‌పల్లి_కొత్త
😂

రాత్రిడ్యూటీ
లెక్క చెప్త వినండి. నాని నెలకు 750 తిరుగుతడు అనుకుందాం. లీటరు 400. 68 వేలకు 170 లీటర్లు వస్తయ్. 1,100కు లీటరే తాగినా 1,87,000 కిలోమీటర్లు నడవొచ్చు, అంటే 20 ఏండ్లు. హాఫ్ ఇంజన్ ఎవని కోసం?

గేజు_గంగాధర్
లెక్క కరెక్టే, మొత్తం లెక్క కాదు. కాలిన ఆయిల్‌లోని ఫాస్ఫరస్ సైలెన్సర్ దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌కి పూత పడుతుంది. ప్లగ్గులు త్వరగా పోతాయి. పొల్యూషన్ పరీక్షలో హైడ్రోకార్బన్లు పెరుగుతాయి. బీఎస్-3 (పాత పొగ ప్రమాణాల) పెట్రోల్ బండికి హద్దు 750 పీపీఎం కాబట్టి నానీకి పర్లేదు. బీఎస్-4కి అది 200 మాత్రమే, హైదరాబాద్‌లో ఏప్రిల్ 2010 నుంచి, 2020లో బీఎస్-6 వచ్చేదాకా అమ్మినవి దాంట్లోకే వస్తాయి. మూడు నెలలు ముందు కొన్నాడు మాస్టారు.

కొన్ని కంపెనీల పుస్తకాల్లో 1,000 కిలోమీటర్లకు లీటరు దాకా మామూలే అని రాసి ఉంటుంది. అది వారంటీలో చేయకుండా తప్పించుకునే రాత అని నా అభిప్రాయం. కానీ రాసైతే ఉంది.

నాచారం_నాని
మూడు వారాలు అయింది. 10డబ్ల్యూ40 పోయించి, పీసీవీ కొత్తది వేయించి (లతక్క చెప్పినట్టు ఊపి చూశా, గజ్జె మోగింది, అయినా మార్చా), ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ మార్చా. ప్రతి ఆదివారం ఒకే చోట, ఒకే టైముకు, నాన్న పక్కన నిలబడగా గేజు చూశాం. 640 కిలోమీటర్లకు గీతల మధ్య దూరంలో నాలుగో వంతు దిగింది. అంటే 2,500కి లీటరు లెక్క. పొద్దుటి బుస మాత్రం అలాగే ఉంది. హాఫ్ ఇంజన్ ఆలోచన చచ్చిపోయింది. సీల్స్ మార్చాలంటే హెడ్ దించాల్సిందేనా లింగం అన్నా? నాన్న హెడ్ ముట్టనివ్వడు.

లేత్‌షాపు_లింగం
దించనక్కర లేదు, తాడు పని ఉంది. ప్లగ్గు తీసి ఆ రంధ్రంల నైలాన్ తాడు బారెడు నింపాలె, చివర బయట ఉండాలె మర్చిపోవద్దు. క్రాంకు చేత్తో మెల్లగ తిప్పితే పిస్టన్ పైకొచ్చి తాడును వాల్వ్‌లకు అదుముతది. ఇగ వాల్వ్ కిందికి జారదు. పైన క్యామ్ లేపి స్ప్రింగ్ అదిమి, దాన్ని పట్టుకునే చిన్న తాళాలు తీసి, పాత సీల్ పీకి కొత్తది కొట్టుడే. నీది 16 వాల్వ్‌ల ఇంజన్, 16 సీళ్లు, తీరిగ్గ చేస్తే ఒక రోజు. చెయిన్‌కు, క్యామ్‌కు మార్కు పెట్టనోని దగ్గర మాత్రం చేయించకు, పన్ను తప్పితే వాల్వ్‌లు వంగినా వంగుతయ్.

ఒక మాట ముందే చెప్తున్న. వాల్వ్ చేతితో పట్టుకొని అటు ఇటు కదిపితే ఊగుతుందనుకో, వాల్వ్ జారే గొట్టం, గదే గైడ్, అరిగినట్టు. గప్పుడు కొత్త సీల్ ఆర్నెల్లకే పోతది, హెడ్ దించుడు తప్పదు.

డీజిల్_దాదా
తాడు లోపల తెగితే?

లేత్‌షాపు_లింగం
కొత్త తాడు కొను దాదా, 40 రూపాయలు. బావిల బొక్కెనకు కట్టిన తాడు తేవొద్దు.

నాచారం_నాని
చేయించా. ఆటోనగర్‌లోనే (లింగం అన్న దగ్గర కాదు, ఆయన లేత్ పనే చేస్తాడట, పక్క షెడ్డు చూపించాడు). నాన్న వచ్చి స్టూలేసుకుని కూర్చున్నాడు, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదున్నర దాకా. ఉస్తాద్ పాత సీల్ తీసి నాన్న అరచేతిలో పెట్టాడు. చూడటానికి చిన్న నల్ల టోపీ. వేళ్ల మధ్య నొక్కితే నిజంగానే టప్పున విరిగింది. కొత్తది రబ్బరులా సాగుతోంది. నాన్న విరిగిన ముక్కని జేబులో వేసుకున్నాడు. వాల్వ్‌లు ఊగలేదు, గైడ్లు బాగున్నాయన్నాడు. మొత్తం 7,200, సీళ్లు, ప్యాకింగ్, కూలీ కలిపి.

ఇప్పటికి 1,500 తిరిగింది. పొద్దుటి బుస లేదు. గేజు మీద దిగింది పావు కూడా కాదు.

కూకట్‌పల్లి_కొత్త
68 వేల జబ్బు 7,200కి తగ్గిందా!

లేత్‌షాపు_లింగం
ఇంకో 3,000 తిరగనీ, గప్పుడు తగ్గింది అందాం. మూడు నెలలైనంక మళ్లీ రాయి. ఆ కింది రింగు మీద నాకు ఇంక కొంచెం అనుమానం ఉంది.

సీతాఫల్‌మండి_శీను
నేను చెప్పిన ఆయిల్ అయితే 1,800లో తేలిపోయేది. సరే, మంచిగైంది కదా.

ఇరానీచాయ్_66
మాస్టారు డైరీలో ఏం రాశారో అది చెప్పు ముందు.

నాచారం_నాని
మొదటి ఆదివారం పేజీ. రెండు గీతలు, చుక్క పై గీత కిందే. పక్కన "సీళ్లు మార్పు 7,200. గేజు చూసినది: అబ్బాయి." ఆ విరిగిన ముక్కని అదే పేజీకి సెల్లోటేపుతో అంటించాడు.

సీతాఫల్‌మండి_శీను
మాస్టారు సీతాఫల్‌మండి దిక్కు ఎప్పుడన్న వస్తరా? ఇప్పుడున్న బండి గేజు నాకు సరిగ్గ కనపడతలేదు.